ఎర్ర పువ్వు వద్దంటుందని ఎవరన్నారు?

మొన్న మా ఊళ్ళోనే మాంగో అనే పేటలో ఉన్న మా సత్యవతక్క ఇంటికి వెళ్ళేసరికి ముందుగదంతా ఒక వాసన నిండి ఉంది. దాన్ని గులాబీ వాసన అనుకోవాలని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం కాబోలు గానీ నాకు మాత్రం అప్పుడే కడిగిన స్నానాలగది గుర్తుకొచ్చింది. అక్క మనవరాలు పింకీకి రైలింజను నడిపే ఉద్యోగం వచ్చిందని దాని స్నేహితులెవరో ఫోన్లోనే కొని పంపించిన పూలగుత్తి అది. గాజుకాగితం చుట్టి, పట్టు రిబ్బను కట్టి, పూల మీద అత్తరు కూడా కొట్టారు. దానికి వేలాడదీసిన నున్నటి అట్టముక్క మీద ఏ పువ్వుకి ఏం అర్థమో ఇంగ్లీషులో అచ్చు వేశారు. ఎర్ర గులాబీ ప్రేమ, పచ్చ గులాబీ స్నేహం, తెల్లది నిర్మలత్వం, ఇంకేదో ఊదారంగుది గౌరవం. చదివాను, ఒళ్ళు మండింది. ఎవరు చెప్పారండీ వీళ్ళకి? పువ్వు వచ్చి చెప్పిందా? ఇంత పెద్ద కోపం ఇంత చిన్న అట్టముక్క మీదా అని మీరు నవ్వుకుంటారేమో. ఒక పువ్వుకి ఎవరో ఒక అర్థం అంటగడితే, ఆ అర్థం తీసుకొచ్చి ఒక మనిషి నెత్తిన పెడితే ఏమవుతుందో మా ఇంట్లో నేను చూశాను. అందుకే నాకు నవ్వు రాదు.

మేం పెరిగింది భుయ్యాడీహ్‌లో, ఇనుప కార్ఖానా ఊళ్ళో, సువర్ణరేఖ నదికి దగ్గరగా, పెంకుటిళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు నిలబడ్డ వీధిలో. మా ఇంటి పెరడు నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేటంతే, కానీ అందులో మా నాయనమ్మ శ్రీకాకుళం వైపు పల్లెని మొత్తంగా దింపేసింది. గోడవారగా నందివర్ధనం, నూతి గట్టు పక్కన ముద్దమందారం, కనకాంబరాలు, తులసికోట చుట్టూ బంతి, నీళ్ళు పారేచోట లిల్లి. మల్లెపొద మాత్రం అమ్మది. ఎండాకాలం సాయంత్రాలు కార్ఖానా కూత వినపడి, సైకిళ్ళ గంటలతో వీధి నిండిపోయి, నదికి అవతల ఆకాశం కుంపటిలా ఎర్రబడుతున్నప్పుడు, అమ్మ మొగ్గలు కోసి తడిగుడ్డలో వేసేది. అవి విచ్చుకునేసరికి మా ఇంట్లో ఉల్లిపాయ వేపుడు వాసనా, నాన్న చొక్కాలోని ఇనుపవాసనా, మల్లెవాసనా కలిసి ఒకటే వాసనయ్యేది. ఆ వాసనకి పేరు లేదు, ఏ సీసాలోనూ దొరకదు. పూల మీద ఎప్పుడూ సన్నటి నల్లపొడి ఉండేది కాబట్టి దేవుడికి పెట్టేముందు ప్రతి పువ్వునీ ఊదేవాళ్ళం. వేరే ఊళ్ళలో పూలని ఊదరని నాకు చాలా ఏళ్ళకిగానీ తెలియలేదు.

రుతువులు మాకు పూలతోనే తెలిసేవి. ఫాల్గుణంలో మోదుగులు పూసి ఊరి చివర కొండలు నిప్పంటుకున్నట్టు అయ్యేవి. వాటిని కాచి రంగు తీసి హోలీకి జల్లుకునేవాళ్ళం, ఆ పసుపు మరకలు స్కూలు బట్టల మీద నెల దాటినా పోయేవి కావు. ఆ తర్వాత సాలచెట్లు పూసేవి. నది గట్టు మీది బస్తీలో ఉండే ఆదివాసీ ఆడవాళ్ళు తమ పూలపండగ జరిగి, పూజారి సాలపువ్వు చేతికిచ్చేదాకా ఆ ఏటి కొత్త పువ్వు ఏదీ తలలో పెట్టేవారు కాదు. చెట్టు నిండా పూసి రాలిపోతున్నా సరే ముట్టేవారు కాదు. ఎండల్లో తురాయి పూస్తే మాకు కోడిపందేలు. పువ్వులోంచి కేసరాలు పీకి, తలకాయకి తలకాయ తగిలించి లాగితే ఎవరి పుంజు తల తెగితే వాళ్ళు ఓడినట్టు. మందారం రేక నుదుట అంటించుకుంటే బొట్టు, ముక్కు మీద అంటించుకుంటే కోడి. వానలు వెనక్కి తగ్గాక పక్కింటి బెంగాలీ పిన్ని, మేం కాకిమా అని పిలిచే ఆవిడ పెరట్లో పారిజాతాలు రాలేవి. ఆవిడ చీరకొంగు పరిచి ఏరుకుని, గోడ మీంచి మాకూ గుప్పెడు ఇచ్చేది, దసరా రోజుల్లో అయితే వాటితోపాటు కొబ్బరి లడ్లు. అమ్మ బదులుగా పొంగడాలూ పులిహోరా పంపేది. చలికాలమంతా బంతులూ చేమంతులూ.

వీటన్నిటికీ మా నాయనమ్మ దగ్గర శాసనాలుండేవి. ఆవిడ పొద్దున్నే నూతి గట్టు మీద కూర్చుని, చుట్ట నిప్పుని నోటి లోపలికి పెట్టి అడ్డపొగ పీలుస్తూ, ఆ చుట్ట తియ్యకుండానే శాసనాలు చదివేది. మొగలిపువ్వు శివుడికి పెట్టకూడదు, అది అబద్ధం సాక్ష్యం చెప్పింది. జిల్లేడు వినాయకుడికే. బంతి గుమ్మానికి, తలలోకి కాదు. కాగితంపూలు ఎవరికీ పనికిరావు. “మరి పూయడమెందుకే నాయనమ్మా?” అని నేనడిగితే, “నీకు మల్లే, వాగడానికి” అనేది. మొగలిపువ్వు కథలో నాకు అప్పుడే ఒక అనుమానం. శివుడి మొదలూ చివరా వెతకడానికి వెళ్ళి అబద్ధమాడింది బ్రహ్మ. ఆయనకేం, గుళ్ళూ పూజలూ పోయినా నాలుగు తలలతో బాగానే ఉన్నాడు. పక్కన నిలబడి ఔనన్న పువ్వుకి కలకాలం వెలి. పెద్దవాళ్ళు చేసిన పనికి చిన్నవాళ్ళ మీద దెబ్బ పడే ధర్మం అప్పటికే నాకు పరిచయం కాబట్టి నేను మొగలిపువ్వు పక్షం.

ఈ శాసనాలన్నిటికీ పైన ఉండేది పువ్వడగడం. ఇంట్లో ఏ పెద్ద విషయమూ తేలకపోతే నాయనమ్మ తలంటుకుని, ఒక తెల్ల నందివర్ధనం, ఒక ఎర్ర మందారం కోసి, రెండు సాలాకుల్లో విడివిడిగా చుట్టి, నారతో కట్టి, అమ్మోరి పటం ముందు పెట్టేది. ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లకి నీళ్ళు పోసి, తడిబట్టలతో తీసుకొచ్చి, కళ్ళు మూసి ఒకటి తియ్యమనేవారు. తెల్లది వస్తే అమ్మోరు ఔనన్నట్టు, ఎర్రది వస్తే వద్దన్నట్టు. ఆ చిన్నపిల్లని నేనే. ఆవిడ నమ్మకానికి కారణం లేకపోలేదు. వానలు పడని ఏడు, భూమి నెర్రెలిచ్చినప్పుడు, ఇనుము పనికి పోవాలా వద్దా అని తాతయ్య ఊళ్ళో పువ్వడిగితే తెల్లది వచ్చిందట. ఆ పువ్వుని కొంగున కట్టుకుని ఆవిడ రైలెక్కింది, ఆ రైలు వల్లే మేమంతా అన్నం తిన్నాం. అంచేత గేదెని కొనాలా, అమ్మోరి సంబరానికి ఊరు వెళ్ళాలా, నుయ్యి పూడిక తియ్యాలా, అన్నిటికీ అమ్మోరే.

మా అక్క మెట్రిక్ పాసైంది. మా వీధిలో తెలుగువాళ్ళ ఆడపిల్లల్లో అక్కడిదాకా మొదట వెళ్ళింది అదే. బడి పంతులమ్మ చెప్పగా నర్సు ట్రెయినింగుకి రాసింది, వేరే ఊళ్ళో, హాస్టల్లో ఉండాలి. సీటు వచ్చింది. ఆ వారమంతా అక్క ఇంట్లో నడవడం నాకు గుర్తుంది, నేల కాస్త కిందనుంది అన్నట్టు నడిచేది. అమ్మ పాత పెట్టెకి కొత్త తాళం తెప్పించింది. నాన్న కొలిమి దగ్గర పదిమందిని అదిలించే మనిషి, ఇంట్లో మాత్రం నాయనమ్మ ముఖం చూడకుండా గోడ గడియారం చూసేవాడు. ఔననలేదు, కాదనలేదు.

“అమ్మోర్నడుగుదుం,” అంది నాయనమ్మ. “ఆడకూతుర్ని పరాయూరు పంపడమంటే సిన్న మాటేటి?”

నాకు నీళ్ళు పోశారు. సాలాకు పొట్లాలు చేతికి చల్లగా తగిలాయి. ఒకటి తీశాను. నాయనమ్మ నార విప్పింది. ఎర్రది.

అక్క పటం వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు, పొట్లం కట్టిన నారని తీసి వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సరిగ్గా అప్పుడే పక్కింటి కాకిమా పులిహోర గిన్నె తిరిగిచ్చేందుకు పెరటిగోడ దగ్గరికి వచ్చి, తెరిచిన తలుపులోంచి నాయనమ్మ చేతిలో మందారం చూసి, సంగతేమిటని అడిగింది. అమ్మ చెప్పింది. కాకిమా రెండు చేతులూ జోడించి పైకి దణ్ణం పెట్టింది.

“అరే వాహ్! లాల్ జబా! యే తో కాళీ మా కా ఫూల్ హై! మా నే హాఁ బోల్ దియా!”

కాళీమాతకి ఎర్రమందారమే ఇష్టం, అది చేతికి రావడమంటే అమ్మ ఔననడమే అని ఆవిడ. నాయనమ్మ నోట్లోంచి చుట్ట బయటికి తీసింది. అది ఎంత పెద్ద విషయమైతే తప్ప జరగదు.

“తుమారా మా అలగ్, హమారా అమ్మోరు అలగ్!” అంది, మీ అమ్మ వేరు, మా అమ్మోరు వేరని.

“మా ఏక్ హీ హోతీ హై, బూఢీమా!” అమ్మ ఒక్కతేనని కాకిమా.

“ఏక్ అయితే నీకొకమాట నాకొకమాట సెప్తాదేటే? నీ గోడకాడ నువ్వుండు!”

ఇద్దరూ చాలాసేపు అలా అరుచుకున్నారు, ఒకరి భాష ఇంకొకరికి సగమే తెలుసు, కోపం మాత్రం పూర్తిగా అర్థమైంది. మామూలుగా అయితే ఆ గోడ తగవులు మాకు సినిమా. ఆ రోజు నేను గోడ వైపే చూస్తూ నిలబడిపోయాను. మా అక్క ఆ గోడకి అవతల పుట్టి ఉంటే అదే పువ్వు దాన్ని హాస్టలుకి పంపేది. గోడ ఎత్తు నా భుజం దాకా ఉండేది.

“మళ్ళీ అడుగుదుం నాయనమ్మా, నాను సరిగ్గా తియ్యనేదు,” అని ఏడ్చాను.

“ఒలమ్మొలమ్మా! అమ్మోర్ని రెండోపాలి అడుగుతారేటే? కళ్ళు పోతాయి!” అంది. అమ్మ ఆ కొత్త తాళం తీసి బియ్యం డబ్బాకి వేసింది. అంతే. ఆ ఏడే గోల్‌మురిలో రేకుల కార్ఖానాలో పనిచేసే అతనితో అక్క పెళ్ళి నిశ్చయమైంది, ముహూర్తం మాత్రం పై ఏటికి పెట్టుకున్నారు.

ఇంతవరకే అయితే మా నాయనమ్మ అమాయకురాలు, కాలం అలాంటిది అని ఊరుకునేదాన్నేమో. ఈలోగా నాన్నకి స్కూటరు మీద మనసైంది. పాత బండే, తోటి పనివాడిది, ఆకుపచ్చ రంగు. నాయనమ్మ పువ్వడిగింది. నేను తీశాను. ఎర్రది. నాన్న ముఖం చిన్నబోయింది. నాయనమ్మ పొట్లం వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసి, “పిల్ల తలకి నీళ్ళు సరిగ్గా తగల్నేదు,” అంది. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ ఎర్రదే. “బండి గురించి అడగాల గానీ, ఆ బండివోడి గురించి అడిగేనేటో,” అంది. మళ్ళీ చుట్టింది. అమ్మోరికి విసుగొచ్చేదాకా అడిగి తెల్లది తెప్పించింది. కొబ్బరికాయ కొట్టారు, నాన్న నవ్వాడు, వీధి పిల్లలకి బెల్లం పెట్టారు.

అక్క వంటింటి గుమ్మంలో కత్తిపీట మీద వంకాయలు తరుగుతోంది. తలెత్తకుండానే అంది:

“అమ్మోరికి సెవుడు తగ్గినట్టుంది.”

నాన్న లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాడు. నాయనమ్మ చుట్ట వెలిగించబోతే అగ్గిపుల్ల అంటుకోలేదు. ఆ స్కూటరు ఏళ్ళ తరబడి మా ఇంట్లో ఉంది, ఊరంతా తిరిగింది. అక్క దాని మీద ఎక్కలేదు. పెళ్ళయ్యాక పుట్టింటికి వచ్చినా గోల్‌మురి నుంచి ఎండలో నడిచే వచ్చేది, నడిచే వెళ్ళేది.

నేను పుస్తకాల మనిషిని కావడానికి కారణం ఆ ఎర్ర పువ్వే. నా బడి చదువు పదితో ఆగింది, చదవడం ఆగలేదు. మా తెలుగువాళ్ళ సంఘం గదిలో రెండు బీరువాల పుస్తకాలుండేవి, వాటిని అట్ట నుంచి అట్ట దాకా చదివి, తర్వాత ఊళ్ళోని హిందీ గ్రంథాలయానికి వెళ్ళి నేలమీద కూర్చుని చదివాను. డిగ్రీలున్నవాళ్ళు నా ముందు పూల గురించి మాట్లాడితే ఇప్పటికీ కాస్త జాగ్రత్తగా మాట్లాడతారు, అది నాకు గర్వమే, దాచుకోను. నేను వెతికింది ఒక్కటే. ఎర్రది వద్దంటుంది, తెల్లది ఔనంటుంది అని ఎక్కడ రాసి ఉంది?

ఎక్కడా లేదు. జపానులో చావు ఇంటికి తెల్లచేమంతి తీసుకెళ్తారని చదివాను, అక్కడ చక్రవర్తి ముద్ర మీద ఉన్నదీ చేమంతే. ఇంగ్లండులో రెండు రాజవంశాలు ఒకటి ఎర్ర గులాబీ, ఒకటి తెల్ల గులాబీ గుర్తుగా పెట్టుకుని తరతరాలు నరుక్కుని, చివరికి పెళ్ళితో రాజీపడి రెండు గులాబీలనీ ఒకదానిలో ఒకటి కలిపి కొత్త గుర్తు చేసుకున్నారు. గులాబీకి ఈ గొడవతో ఏం సంబంధం? దేశాల కోసం చచ్చిపోయిన సిపాయిలకి కొన్నిచోట్ల ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకుంటారు. పారిజాతం సూర్యుణ్ణి ప్రేమించి, ఆయన వదిలేస్తే కాలి బూడిదైన రాకుమారి అట, అందుకే ఆయన ముఖం చూడకుండా తెల్లారకముందే రాలిపోతుందట. ఈ కథలో కూడా చూడండి, వదిలేసినవాడు రోజూ దర్జాగా ఉదయిస్తున్నాడు, రాలిపోవడం మాత్రం ఆవిడ వంతు. మా ఊళ్ళో ఆదివాసీలు పండగకి చెవిలో పెట్టుకునే సాలపూల చెట్టు కిందే బుద్ధుడు పుట్టాడనీ, దాని కిందే కన్నుమూశాడనీ చెబుతారు. ఒకే చెట్టు రెండిటికీ. పింకీకి వచ్చిన అట్టముక్క లాంటి పట్టికలు కూడా పాతవే. ఇంగ్లండులో ఒకప్పుడు పూలగుత్తులతో కబుర్లు పంపుకునే వేడుక నడిచింది, దానికి నిఘంటువులు అచ్చేసి అమ్మారు. ఒక పుస్తకంలో ఉన్న అర్థం ఇంకో పుస్తకంలో ఉండేది కాదు. పువ్వు దాని దారిన అది పూసింది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట దాని నోట్లో పెట్టారు. మా ఇంట్లో ఆ చెయ్యి మా అక్కది కాదు, అంతే జరిగింది.

అక్క కష్టపడిపోయిందని కాదు నేను చెప్పేది. బావ మంచివాడే, పిల్లలు బాగానే ఉన్నారు. దుఃఖం లేని చోట అన్యాయం కూడా లేనట్టే మాట్లాడేవాళ్ళతోనే నా పేచీ.

మొన్నటికి వస్తాను. ఆ పూలగుత్తి బల్ల మీద ఉండగానే అక్క కొడుకు, పింకీ తండ్రి రమణ సంచీ ఒకటి పట్టుకుని వచ్చాడు. పింకీ ట్రెయినింగుకి వేరే రాష్ట్రం పోవాలి, తర్వాత రాత్రీ పగలూ ఇంజను మీద డ్యూటీ. వాడికి భయం, దాన్ని భయమనడానికి మొహమాటం.

“అమ్మా, నువ్వే పెద్దదానివి. ఒకపాలి అమ్మోర్ని పువ్వడుగు. ఆయమ్మ ఔనంటే నాకు నిమ్మళం.”

సంచీలో గుడి దగ్గర కొన్న ఒక మందారం, నందివర్ధనం దొరక్క తెల్లచేమంతి. ఆకు కూడా దొరకలేదట, రొట్టెలు చుట్టే వెండికాగితంలో చుట్టుకొచ్చాడు. పక్కవాటాలో ఉండే చిన్నపిల్లకి వాళ్ళమ్మ అప్పుడే తలమీద నీళ్ళు పోసి తీసుకొచ్చింది. పింకీ గోడకి ఆనుకుని నిలబడి ఫోను వైపు చూస్తోంది గానీ దాని బొటనవేలు కదలడం లేదు.

అక్క ఆ రెండు పొట్లాలనీ తీసుకుంది. విప్పలేదు. పూలగుత్తి పక్కన పెట్టేసి, తడిసిన ఆ పసిపిల్ల తల కొంగుతో తుడిచి, చేతిలో బిస్కట్టు పెట్టి పంపేసింది.

“అదేటమ్మా?” అన్నాడు రమణ.

“పింకీ,” అంది అక్క, “నీకెళ్ళాలనుందా, నేదా?”

పింకీ తండ్రి వైపు చూసింది.

“ఆడేపు సూడకు. నాను నిన్నడుగుతన్నాను.”

“జానా హై, దాదీ. బహుత్ జానా హై.”

“ఇన్నావా?” అంది అక్క కొడుకుతో. “ఎళ్తాదట. చాలా ఎళ్తాదట. ఇంకెవుర్నడగాల?”

“అది కాదమ్మా, అమ్మోరు...”

“అమ్మోర్నడిగేరు, పువ్వునడిగేరు. నన్నెవురైనా అడిగేర్రా? నీ అయ్యేనా అడిగేడేట్రా?”

రమణకి ఆ సంగతేమీ తెలియదు. ఏ సంగతని వాడడగలేదు, లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువగా వచ్చింది. ఇంత సులువా! ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి, నీకేం కావాలని అడగడానికి పట్టిన సమయం, ఒక పొట్లం విప్పేటంత కూడా లేదు. ఈ మాట ఆనాడు ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఎవరికీ నోట్లోకి రాలేదు. వచ్చినవాళ్ళు మింగేశారు.

ఇప్పుడు మా భుయ్యాడీహ్ పెరడు లేదు. దాని మీద మూడంతస్తులు లేచాయి, నుయ్యి ఎక్కడుండేదో నేను కూడా సరిగ్గా చూపించలేను. కాకిమా వాళ్ళు ఎప్పుడో కలకత్తా వెళ్ళిపోయారు, పారిజాతం నరికిన చోట మోటారు సైకిళ్ళు పెడుతున్నారు. నది గట్టు మీద సాలపూలు తలలో పెట్టుకునే ఆడవాళ్ళు ఉన్నారు గానీ పూల కోసం ఇప్పుడు వాళ్ళు బస్సెక్కి చాలా దూరం పోవాలి. అడ్డపొగ తాగే ముసలమ్మని చివరిసారి ఎప్పుడు చూశానో గుర్తులేదు. పువ్వడగడం మాత్రం ఎవరైనా వచ్చి మానిపించి ఉంటే బాగుండేది. దానికదే పోలేదు, ఆకు పోయి వెండికాగితం వచ్చింది, అంతే.

సాయంత్రం టీ తాగుతూ అక్క కిటికీలోంచి వంతెన మీద ఆటోలని చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ విషయం నాతో ఎత్తలేదు. ఉన్నట్టుండి అడిగింది:

“ఒలే, అప్పుట్లో నర్సులకి తెల్లకోకే కదా? నాకు నప్పీదంటావేటే?”

“నప్పీది,” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, లోపలి గదిలోంచి రమణ తొంగిచూశాడు.